ఉత్త ప్లేటు

మసేను ప్రతి అమావాస్యకీ ఉద్యోగం మానేసేవాడు.

"ఈ నెలతో సరండి బాబూ. ఇంక నావల్ల కాదండి. ఒడ్డుకెల్లిపోయి వలలు బాగుసేసుకుంటానండి" అని డాక్టరు వెంకటరమణమూర్తిగారి బల్ల ముందు నిలబడి చెప్పేవాడు. డాక్టరుగారు తలెత్తకుండానే "అలాగేలే. రేపు పొద్దున్న ఇద్దరొస్తారు, ప్లేట్లు కడిగే నీళ్ళు చల్లార్చి ఉంచు" అనేవారు. మర్నాడు పొద్దెక్కేసరికి మసేను పెరట్లో కుండలకి తడిగుడ్డలు చుడుతూ కనిపించేవాడు. అయిదేళ్ళ నుంచీ ఇదే వరస. అమావాస్య రాగానే డాక్టరుగారి భార్య కూడా లోపల్నుంచి "ఇవాళ మసేను మానేశాడా?" అని అడిగేది.

బరంపురం పెద్ద బజారు వెనకసందులో ఉండేది ఆ ఇల్లు. జనం దాన్ని ఫొటో డాక్టరుగారిల్లు అనేవారు. పక్క గదిలో ఎక్స్‌రే మిషను, పెరట్లో దాన్ని నడిపే ఆయిల్ ఇంజను, ఇంజను పక్కనే మసేను పడుకునే గది. ఇంజను డుబడుబమని మొదలెడితే వీధి వీధంతా "ఎవరికో ఎముక విరిగింది" అనుకునేది. విరిగిన ఎముకలే కాదు, గుండెలూ, ఊపిరితిత్తులూ, పిల్లలు మింగిన కానీలూ అన్నీ ఆ గదిలోనే బయటపడేవి. అన్నీ ముందుగా చూసేది మసేనే. చీకటిగదిలో ఎర్రదీపం కింద, తొట్టెలో ప్లేటు ఊపుతుంటే బొమ్మ మెల్లగా పైకి తేలుతుంది చూడండి, అప్పుడు అక్కడ అతనొక్కడే ఉండేవాడు. పిల్ముని అందరూ ప్లేటనే అనేవారు, పాత అలవాటు.

మసేను పుట్టింది గోపాల్పూరు ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. పద్దెనిమిదో ఏట అందరితోపాటు రంగం ఓడెక్కాడు. రంగూన్లో ఒక పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదికి నీళ్ళు మోసే పని దొరికింది. నీళ్ళు మోసి మోసి, దొరలు చేసేది చూసి చూసి, చివరికి తనే ప్లేట్లు కడగడం నేర్చాడు. తిరిగొచ్చేనాటికి మూర్తిగారు మద్రాసు నుంచి మిషను తెప్పించి, ముట్టుకునే ధైర్యమున్న మనిషి దొరక్క తల పట్టుకుని కూర్చున్నారు. అలా కుదిరాడు. ఇప్పుడు యాభై దాటాయి. ఆ కిరణాలు తిని తిని వేళ్ళు బీటలు వేశాయి, గోళ్ళు నల్లబడ్డాయి. కారం తగిలితే భగ్గున మంట. చేపల పులుసు తిని పెరిగిన మనిషి, అయిదేళ్ళుగా చప్పిడి గంజి తాగుతున్నాడు. కాళ్ళు పీకులు, నడుం పట్టేయడం, రసాయనాల కంపుకి పొద్దస్తమానం తలనొప్పి. అలిసిపోయాడు పాపం, నిజంగా అలిసిపోయాడు. మరి ఎందుకు మానేయలేదూ అంటే, దానికి కారణం కాసమ్మ.

అది చెప్పాలంటే ముందు మూత్రపిండాల ప్లేట్ల సంగతి చెప్పాలి. ఎముక తెల్లగా పడుతుంది. రాయి తెల్లగా పడుతుంది. మూత్రపిండం మాత్రం నీడలాగా ఉండీ లేనట్టు ఉంటుంది. అంచేత నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది నెత్తుట్లో తిరిగి మూత్రపిండాల్లో చేరుతుంది, చేరినచోటల్లా ప్లేటు మీద తెల్లగా వెలుగుతుంది. అయిదు నిమిషాలకొకటి, పావుగంటకొకటి, అరగంటకొకటి, మూడు ప్లేట్లు తీస్తే మందు ఎలా చేరిందో, ఎలా దిగిందో మొత్తం తెలిసిపోతుంది. కానీ మందుకంటే ముందు, ఏమీ ఎక్కించకుండా ఒక ప్లేటు తీయాలి. దాన్ని మసేను ఉత్త ప్లేటు అనేవాడు. అది ఎందుకంటే, రాయీ తెలుపే, మందూ తెలుపే. మందు నిండాక రాయిని వెతకడమంటే సున్నం కొట్టిన గోడ మీద సుద్దగీత వెతకడమే. ఉత్త ప్లేటు ఉంటేనే ఏది రాయో ఏది మందో తెలుస్తుంది. మనిషికి మొత్తం నాలుగు పెద్ద ప్లేట్లు.

కాసమ్మ మసేను భార్య. చేపల గంప నెత్తిన పెట్టుకుని గోపాల్పూరు నుంచి బరంపురం నడిచొచ్చి, అమ్ముకుని, మళ్ళీ నడిచి వెళ్ళిపోయే మనిషి. కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన ఏడు, ఇక మన కాగితాలన్నీ కటకం పోతాయట, మన గతేమిటని బజారంతా గొడవ పడుతున్న రోజుల్లో, ఆమెకి కుడిపక్క నడుంలో పోటు మొదలైంది. గంప పక్కన పెట్టి నేలమీద పడి పొర్లింది. డాక్టరుగారు చూసి "రాయేమోనోయ్, ప్లేట్లు తీద్దాం, రేపు తీసుకురా. నువ్వు నాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నారు.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఒడ్డున వాళ్ళకొక వాడుక ఉంది. వల లాగి, పడ్డ చేపని కుప్పలుగా పంచేటప్పుడు, పంచేవాడు తన వాటా ఆఖర్న తీసుకోవాలి, చిన్నది తీసుకోవాలి. పంచే చెయ్యి పెద్ద చేప మీద పడిందంటే మర్నాడు అతన్ని పడవెక్కనివ్వరు. మసేను రంగూన్ పోయినా, తెల్లకోటు తొడిగినా, ఈ వాడుక మాత్రం ఒంట్లోంచి పోలేదు. ప్లేట్ల పెట్టె తాళం అతని మొలలో ఉండేది. పంచేది తను. ఇప్పుడు ఇంటిమనిషి వంతొచ్చింది. ఊరికే చేస్తున్నారు కదా అని నాలుగు ప్లేట్లు వాడేస్తానా, సిగ్గులేదూ అనుకున్నాడు.

"ఉత్త ప్లేటు తీశావా?" అని డాక్టరుగారు సూది పట్టుకుని అడిగారు.

"అక్కర్లేదండి బాబూ. మన మనిషే గదండి. మూడు సాలండి."

ఆ రోజు ఆయనకి జ్వరం తగిలి ఒంట్లో నలతగా ఉంది. "సరే కానీ" అన్నారు.

మూడు ప్లేట్లూ మల్లెపూవుల్లా వచ్చాయి. రెండు మూత్రపిండాలూ నిండుగా వెలిగాయి. అరగంట ప్లేటులో మందంతా దిగిపోయి, కుడిపక్క కొంచెం తెలుపు మిగిలింది. "అది మిగిలిన మందులే. రాయి లేదోయ్, వేడి చేసిందంతే, బార్లీనీళ్ళు పట్టించు" అన్నారు డాక్టరుగారు. మసేను ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాలుగు నెలలు బార్లీనీళ్ళు తాగింది కాసమ్మ. అయిదో నెలలో చలిజ్వరం పట్టుకుంది, పక్క వాచింది. డాక్టరుగారు స్వయంగా ఒడ్డుకొచ్చి, గుడిసెలో ఒంగుని కూర్చుని, పక్క నొక్కి చూశారు. బయటికొచ్చి ఇసకలో నిలబడ్డారు.

"లోపల రాయి ఉండి ఉండాలోయ్. ప్లేటులో పడలేదు" అన్నారు. తర్వాత మసేను మొహం చూశారు. "కొన్ని రాళ్ళు ఏ ప్లేటులోనూ పడవు మసేనూ. ఉత్త ప్లేటు తీసినా పడవు. వాటి రకమే అంత."

మూడోనాడు కాసమ్మ పోయింది.

డాక్టరుగారు చెప్పింది అబద్ధం కాదు. అలాంటి రాళ్ళున్నాయి. ఆ ఒక్కమాట పట్టుకుని అయిదేళ్ళు బతికాడు మసేను. కాసమ్మది ఆ రకం రాయే అయితే తన తప్పేమీ లేదు. రెండో రకమైతే? ఆ ఒక్క ఉత్త ప్లేటు తీసుంటే రాయి కనిపించేది, విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపేవారు, కోసి తీసేసేవారు, ఈపాటికి గంపెత్తుకుని వచ్చి "ఏటయ్యా, గంజి తాగినావా?" అని గుమ్మంలో నిలబడేది. ఏ రకం? తెలుసుకోవాలని ఉండేది, తెలుస్తుందేమోనని భయంగానూ ఉండేది. ఆ మూడు ప్లేట్లూ ఆమె చీరలో చుట్టి రేకుపెట్టెలో దాచుకున్నాడు. ఆబ్దికం నాడు తీసి ఎండకెత్తి చూసేవాడు. రెండింటిలో అంతా తెలుపే. మూడోదాంట్లో ఆ మిగిలిన మందు. ఏముంది చూడ్డానికి, మళ్ళీ చుట్టి పెట్టేసేవాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఉత్త ప్లేటు లేకుండా మందెక్కించింది లేదు. కలెక్టరు కచేరీ నుంచి ఛత్రపూర్ దొర వచ్చినా సరే, తొందరగా కానీ అని గద్దించినా సరే, మసేను మొహం గంటు పెట్టుకుని ముందది తీసేవాడు. తను మానేస్తే వచ్చే వెధవ ఎవడో, తీస్తాడో తీయడో! అందుకే మానేసి కూడా మర్నాడు వచ్చేవాడు.

కథ ఇక చెవులపిల్లి దగ్గరికొస్తుంది.

అది పందొమ్మిదివందల నలభై ఒకటో సంవత్సరం ఎండాకాలం. యుద్ధం మూలాన ఓడలు ఆగిపోయాయి, పిల్ములు రావడం లేదు, మందు అసలే రావడం లేదు. పెట్టెలో పిల్ములు రెండు మిగిలాయి. మందు సీసాలు మూడు, అందులో ఒకటి గడువు దాటింది. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి వాకిట్లో జట్కా ఆగింది. పెద్ద బజారులో అపరాలు టోకున అమ్మే కూర్మారావూ, అతని చెల్లెలు భారతీదేవీ దిగారు. ఆమె చేతిలో మూతున్న వెదురుబుట్ట.

భారతీదేవి పదహారో ఏట భర్తని పోగొట్టుకుని అన్నగారింటికొచ్చేసింది. ఇప్పుడు ముప్ఫయ్యయిదు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పప్పులు ఏరడం, వదినగారి పిల్లల్ని ఎత్తుకోవడం, ఎవరి కంటా పడకుండా తిరగడం. రెండేళ్ళ కిందట గోపాల్పూరు బంగళా ఖాళీ చేసి సీమకి వెళ్ళిపోతున్న ఒక దొరసాని, సరుకులిచ్చే కొట్టు కదా అని, తన పెంపుడు చెవులపిల్లిని కూర్మారావు కొట్లో వదిలేసి పోయింది. పాలలాంటి తెలుపు, ఎర్రటి కళ్ళు. దానికి దొరసాని అనే పేరు పెట్టుకుని, భారతీదేవి తన పక్కలో పడుకోబెట్టుకుంది.

"మా సెల్లెలికి మతి పోయిందండి డాక్టరుగారూ" అన్నాడు కూర్మారావు తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ. "పది రోజుల్నుంచి ఇది ముక్కుతోంది, ఉచ్చలో నెత్తురు పడతంది. గొడ్ల డాక్టరు దగ్గిరికెల్తే, ఆ ఒడియా ఆయన నేను ఎద్దుల్ని సూస్తానుగానీ ఠేకువాల్ని, అంటే కుందేళ్ళని, సూడనని నవ్వినాడండి. మీరైనా ఒకమాట సెప్పేయండి. పిండాలు పోయాయంటే తోటలో ఒదిలేసొస్తాను. నక్కలున్నాయి, సిటికెలో అయిపోద్ది."

భారతీదేవి బుట్ట ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో మూత పట్టుకుంది.

డాక్టరుగారు ఆ కుటుంబానికి పాతికేళ్ళుగా వైద్యం చేస్తున్నారు, కాదనలేరు. పైగా ఆయనకి సరదా కూడా పుట్టింది. "ఈ మందు మనుషులకి ఎక్కించేముందు చెవులపిల్లులకే ఎక్కించి చూశారటమ్మా. దీనికి కొత్తేమీ కాదు. గడువు దాటిన సీసా ఉంది, రేపు తీసుకురా" అని, మనుషులకి రాసినట్టే చీటీ రాసిచ్చారు. రాత్రి భోజనం లేదు, ఆముదం తాగించాలి, నీళ్ళు బంద్.

మర్నాడు భారతీదేవి చీటీ తెచ్చి బల్ల మీద పెట్టేసింది. "ఇయ్యేవీ సెయ్యలేదండి. దానికి ఒక్కపూట మేత లేకపోతే ఒళ్ళు సల్లబడిపోతాదండి. ఆముదం పడితే సచ్చిపోతాది. నాకు తెలుసండి" అంది. ఇరవై ఏళ్ళలో ఆమె గొంతు అంత పైకి లేవడం అన్నగారు చూడలేదు. డాక్టరుగారు నవ్వి చీటీ చింపేశారు.

తంటా మసేనుతో వచ్చింది.

"ఇంజను వెయ్యవోయ్. మందెక్కించాక ఒక్క ప్లేటు తీస్తే చాలు. పిండాలు పనిచేస్తున్నాయో లేదో తెలిస్తే సరిపోతుంది" అన్నారు డాక్టరుగారు.

"ఉత్త ప్లేటండి?"

"చెవులపిల్లికి ఉత్త ప్లేటేమిటోయ్! ఉన్నవి రెండే."

"ఉత్త ప్లేటు లేకుండా నాను తియ్యనండి."

"మళ్ళీ మొదలెట్టావూ! ఏం పిచ్చయ్యా నీకు?"

"పిచ్చేనండి. నాను మానేస్తానండి. ఇయాలే మానేస్తాను."

"అమావాస్య ఇంకా వారం ఉంది కదోయ్" అన్నారు డాక్టరుగారు. గుమ్మంలో ఉన్న కూర్మారావు ఫక్కున నవ్వాడు. మసేను నవ్వలేదు. విసురుగా చీకటిగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. లోపల కత్తెర చప్పుడైంది. కాసేపటికి బయటికొచ్చి, నల్లకాగితంలో చుట్టిన నాలుగు చిన్న పొట్లాలు బల్ల మీద పెట్టాడు.

"ఒక్క పిల్ముని నాలుగు ముక్కలు సేసినానండి. మనిసి పట్టే పిల్ము దీనికెందుకండీ, పొట్ట జానెడు లేదు. నాలుగూ తీస్తాను. రెండోది మనుసులకుంటాది."

డాక్టరుగారు పొట్లాలు లెక్కపెట్టి, ఇంజను వెయ్యమన్నారు.

చెవులపిల్లిని చెక్క మీద పడుకోబెట్టి మెత్తటి గుడ్డతో కట్టారు. అది గడగడ వణికిపోతోంది. "కళ్ళ మీద అరచెయ్యి ఎట్టండమ్మా, ఊరుకుంటాది" అన్నాడు మసేను. నిజంగానే ఊరుకుంది. "ఇక మీరు తలుపవతలకి ఎల్లిపోండి. నాను పట్టుకుంటాను."

"నీకు తగలదా ఆ ఎలుగు?" అని అడిగింది భారతీదేవి.

"ఈ సేతులు ఇంకేటి పాడవుతాయమ్మా" అన్నాడతను.

దాని ఊపిరి చూస్తే కంటికి ఆనడం లేదు, డొక్క అంత వేగంగా ఎగిరిపడుతోంది. ఊపిరి కదిలిందంటే బొమ్మ చెదిరిపోతుంది, పిల్ము దండగ. మసేను డొక్క మీదే చూపు నిలిపాడు. పడవ నీళ్ళలోకి తొయ్యడానికి ఒడ్డున నిలబడి, కెరటాలు విరుచుకుపడుతుంటే రెండిటి మధ్య సందు కోసం చూసినవాడే. సందు దొరికింది. "కొట్టండి బాబూ" అన్నాడు. డాక్టరుగారు బొత్తాం నొక్కారు.

చీకటిగదిలో ఎర్రదీపం కింద ఉత్త ప్లేటు తేలింది. వెన్నుపూసలు దారానికి గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. కింద, మూత్రం తిత్తి ఉండేచోట, తెల్లటి ముద్ద. కుడిపక్క, మూత్రపిండం నీడలో, మిరియపు గింజంత తెల్లచుక్క. తడిప్లేటు అలాగే పట్టుకొచ్చి వెలుగుపెట్టె మీద పెట్టాడు.

"మందెక్కించకుండానే తిత్తిలో ఇంత తెలుపేమిటోయ్?" అని తెల్లబోయారు డాక్టరుగారు.

"దాని ఉచ్చ ఎప్పుడూ సున్నపునీళ్ళలాగే ఉంటాదండి. ఎండిపోతే నేలమీద సుద్దే" అంది భారతీదేవి తలుపు దగ్గర్నుంచి.

"భేష్! ఉత్త ప్లేటు లేకపోతే మందు దిగిందనుకుని మురిసిపోయేవాళ్ళం. సరే, ఇది చూడు, ఈ చుక్క. రాయే. బాగా చూశావా మసేనూ?"

చూశాడు మసేను. చూసిందల్లా చెరగకుండా చూశాడు.

చెవి నరంలో మందెక్కించారు. దీపానికడ్డంగా పడితే ఆ చెవిలో నరాలు ఆకు ఈనెల్లా కనిపించాయి. అయిదు నిమిషాలకి ప్లేటు. తొట్టెలో బొమ్మ తేలుతుంటే రెండు మూత్రపిండాలూ వెలిగి ఉన్నాయి. చుక్క లేదు. ఎక్కడికీ పోలేదు, తెలుపులో తెలుపయిపోయింది. వేలితో ఆ చోటు తాకి చూశాడు, ఎర్రదీపం దగ్గరికి పట్టి చూశాడు. లేదంటే లేదు.

"రెండూ పనిచేస్తున్నాయమ్మా!" అన్నారు డాక్టరుగారు. భారతీదేవి గోడకానుకుని నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కూర్మారావు ఇబ్బందిగా పైకప్పు కేసి చూశాడు.

పావుగంట ప్లేటూ అంతే. అరగంట ప్లేటు తీసేసరికి మందంతా దిగిపోయింది. రెండు పిండాలూ మళ్ళీ నీడలైపోయాయి. కుడిపక్క మాత్రం కొంచెం తెలుపు. మిగిలిన మందు అనుకున్నాడు మసేను, అలవాటుగా. ప్లేటు తీగకి తగిలించబోయి ఆగాడు. ఉత్త ప్లేటు తీసి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టుకున్నాడు. తెలుపు మీద తెలుపు పడింది. అదే చోటు, అదే గింజ. మందూ కాదు, మిగలడమూ కాదు. ముందునుంచీ అక్కడే ఉంది.

అతను తొట్టె అంచు పట్టుకుని నిలబడ్డాడు.

బయట డాక్టరుగారు భారతీదేవికి జాగ్రత్తలు చెబుతున్నారు. శనగలు మానిపించాలి, తడి ఆకులు పెట్టాలి, నీళ్ళు బాగా తాగించాలి, గదిలో కట్టెయ్యకుండా గెంతనివ్వాలి. రాయి దిగితే దిగుతుంది, లేకపోతే రెండోదాంతో బతుకుతుంది. "నక్కలకి ఇప్పుడే తొందరలేదు కూర్మారావూ" అన్నారు. కూర్మారావు బుట్ట తనే మోసుకుంటూ జట్కా ఎక్కాడు. మసేను అవేమీ వినలేదు. పెరటిగదిలోకి వెళ్ళి రేకుపెట్టె తెరిచాడు.

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చేసరికి వెలుగుపెట్టె మీద పెద్ద ప్లేటొకటి ఉంది. పక్కనే మసేను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదెవరిది? మొన్నటి మనిషిదా?" అని ఒంగి చూశారాయన. పనిలో పడి ఉన్నారు, కన్ను చురుగ్గా ఉంది. "కుడిపక్క రాయి ఉందోయ్. ఇదిగో. మిగిలిన మందనుకుంటాం గానీ కాదు. ఇప్పుడే చూశాం కదా, అచ్చం చెవులపిల్లికున్నట్టే. దీని ఉత్త ప్లేటేదీ?"

మసేను కట్టుకున్న చేతులు విప్పలేదు.

"మించిపోయిందేమీ లేదు, చిన్నదే. పిండం కూడా బాగుంది. రేపటి మెయిలు బండికే విశాఖపట్నం పంపించెయ్, ఉత్తరం రాసిస్తాను. కోసి తీసేస్తారు. పదిహేను రోజుల్లో లేచి తిరుగుతారు. ఎవరిదోయ్, చెప్పవేం?"

"మా కాసమ్మదండి బాబూ."

డాక్టరుగారి చెయ్యి ప్లేటు మీదే ఉండిపోయింది. తర్వాత తడుముకుంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంజను ఇంకా డుబడుబమంటూనే ఉంది, ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

"నేను అడిగానోయ్" అన్నారు. వెంటనే తల అడ్డంగా ఊపారు. "అడిగి ఊరుకున్నాను."

"అడిగినారండి. నానే ఒద్దన్నాను" అన్నాడు మసేను. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, ఎండలో ఇసక మీద నడిచొచ్చినవాడి గొంతులా ఉంది. "పంచేవాణ్ణి గదా అని సిన్న వాటా తీసుకున్నానండి. నా వాటాయే తగ్గించుకున్నాననుకున్నాను. తగ్గింది దాని వాటా అండి."

మూడు ప్లేట్లూ చీరలో చుట్టుకుని పెరట్లోకి వెళ్ళి ఇంజను ఆపేశాడు.

వారానికి అమావాస్య వచ్చింది. దొరసాని మేత మేస్తోందని, నెత్తురు తగ్గిందని పెద్ద బజారు నుంచి కబురొచ్చింది. కలకత్తా నుంచి పిల్ముల పెట్టె కూడా ఒకటి ఎలాగో వచ్చి పడింది. డాక్టరుగారు బల్ల దగ్గర కూర్చుని పొద్దుటినుంచీ గుమ్మం కేసి చూస్తున్నారు. మసేను రాలేదు. చివరికి ఆయనే లేచి పెరట్లోకి వెళ్ళారు. మసేను గొంతుక్కూర్చుని కుండకి తడిగుడ్డ చుడుతున్నాడు.

"ఇవాళ మానేస్తానని చెప్పలేదేమోయ్?" అన్నారు. "వెళ్ళాలనుంటే వెళ్ళు మసేనూ. ఈసారి నిజంగా అంటున్నాను. నేనేమీ అనుకోను."

మసేను గుడ్డ ముడి బిగించాడు. బీటలు వేసిన వేళ్ళు పంచెకి తుడుచుకుని, మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా లేచాడు.

"ఎక్కడికెల్తానండి? లోపల పాత్రపూరు నుంచి వచ్చిన ఆడమనిసి పడుకునుందండి, నడుం పోటని. మీరు సూది తియ్యకండి. ముందు ఉత్త ప్లేటు తియ్యాల."